అన్నీ యూటీసీలోకి మార్చేస్తే సరిపోతుందా? ఆరోగ్య రికార్డుల్లో టైమ్ జోన్ల లెక్క

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. అమెరికాలో మూడు టైమ్ జోన్లలో ఉన్న ఆసుపత్రుల రికార్డులు ఒకే డేటాబేస్‌లో ఉన్నాయి. ఇన్నాళ్లూ ఏ ఆసుపత్రి సమయం ఆ ఆసుపత్రి గడియారం ప్రకారమే రాసుకున్నారు, జోన్ ఏదో ఎక్కడా లేదు. నవంబరులో గడియారం వెనక్కి తిప్పిన రాత్రి, మందులు ఇచ్చిన వరుస రికార్డులో తారుమారైంది. అందుకని అన్ని కాలమ్‌లనూ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన, ఎప్పుడూ గడియారం తిప్పని ప్రామాణిక సమయంలోకి మార్చేద్దామని మీ టీమ్ అంటోంది. అది సరిపోతుందా అని అడిగారు. ఈలోగా వచ్చే నవంబరులో ఆ గంటసేపు సిస్టమ్ ఆపేయాలా అని కూడా అడిగారు.

చాలదు. జరిగిపోయిన ఘటనలకు యూటీసీ సరైన మందే. కానీ పుట్టిన తేదీలకు, రాబోయే అపాయింట్‌మెంట్లకు, రోజూ ఇచ్చే మందుల వేళలకు అదే పని చేస్తే కొత్త తప్పులు పుడతాయి. ఆసుపత్రుల డేటాను ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి చేర్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నేను చూసిన టైమ్ జోన్ తప్పుల్లో ఎక్కువ భాగం, ఈ కాలమ్‌లో ఉన్న సమయం అసలు ఏ రకం సమయం అని ఎవరూ అడగకపోవడం వల్ల వచ్చినవే.

ముందు ఇది ఎంత పెద్ద విషయమో చెప్తాను. ఇది రిపోర్టు అందంగా రావడం, రాకపోవడం గురించి కాదు. పక్షవాతం లక్షణాలతో వచ్చిన మనిషికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే, ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపు అని డాక్టర్లు లెక్క చూస్తారు. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికాలో 2:00 కాగానే గడియారం మళ్లీ 1:00కి వెళ్తుంది. భార్య రాత్రి 12:30కి భర్తను మామూలుగా చూసింది, 4:15కి ఆసుపత్రికి తెచ్చింది అనుకోండి. ఒక సమయం నుంచి ఇంకోటి తీసేస్తే మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. నిజంగా గడిచింది నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. స్క్రీన్ మీద "ఇంకా టైమ్ ఉంది" అని కనిపిస్తుంది, అసలు గడువు అప్పటికే దాటిపోయింది. ఆ కాలమ్‌లో ఆఫ్‌సెట్, అంటే స్థానిక సమయం యూటీసీకి ఎంత ముందో, వెనకో చెప్పే సంఖ్య లేకపోతే ఈ తప్పును ఏ రిపోర్టూ పట్టుకోలేదు.

అందరూ నవంబరుకే భయపడతారు, ఎందుకంటే 1:30 రెండుసార్లు వస్తుంది, వరుస చెడుతుంది, కంటికి కనిపిస్తుంది. మార్చి గురించి ఎవరూ టెన్షన్ పడరు. నా ఉద్దేశంలో మార్చి నెలే ఎక్కువ ప్రమాదం. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాల్సిన మందును రాత్రి 11:30కి ఇచ్చారు. మార్చి రెండో ఆదివారం 2:00 నుంచి నేరుగా 3:00 అవుతుంది కాబట్టి, 3:30కి సిస్టమ్ "నాలుగు గంటలైంది, ఇవ్వొచ్చు" అంటుంది. గడిచింది మూడు గంటలే. ఇక్కడ వరుస చెడలేదు, ఎర్ర గుర్తు రాలేదు, రికార్డు చూడ్డానికి చక్కగానే ఉంది. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఇప్పుడు రకాల సంగతి. మీ డేటాబేస్‌లో సమయం ఉన్న ప్రతి కాలమ్‌నూ ఒక కాగితం మీద రాసి, పక్కన అది ఏ రకమో రాయండి. ఈ పనికి వారం పట్టినా పట్టనివ్వండి.

మొదటి రకం, జరిగిపోయిన ఘటన. డోసు ఇచ్చారు, రక్తం తీశారు, బీపీ చూశారు, బిడ్డ పుట్టింది. వీటికి కాలరేఖ మీద ఒకే ఒక బిందువు ఉంటుంది. దాన్ని యూటీసీలో దాచండి. అక్కడితో ఆగొద్దు, ఆ ఆసుపత్రి టైమ్ జోన్ పేరును, అప్పటి ఆఫ్‌సెట్‌ను కూడా పక్క కాలమ్‌లలో ఉంచండి. ఎందుకంటే ఐదేళ్ల తర్వాత కోర్టులోనో, విచారణలోనో అడిగేది "ఆ రాత్రి నర్సు గోడ గడియారంలో ఎంత చూసింది" అని. కవలల ఉదాహరణ తీసుకోండి. మొదటి బిడ్డ 1:50కి పుట్టింది, పద్నాలుగు నిమిషాల తర్వాత గడియారం మారాక రెండో బిడ్డ 1:04కి పుట్టింది. జనన పత్రంలో స్థానిక సమయమే రాయాలి, పెద్ద బిడ్డ ఎవరో కూడా తెలియాలి. యూటీసీ ఒక్కటే ఉంటే మొదటిది కష్టం, స్థానిక సమయం ఒక్కటే ఉంటే రెండోది అసాధ్యం. పుట్టిన పసిబిడ్డకు కామెర్లు చూసేటప్పుడు రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని వయసు ఎన్ని గంటలో దాన్ని బట్టే అంచనా వేస్తారు కాబట్టి అక్కడ గంట తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

రెండో రకం, జరగబోయేది. వచ్చే జూన్‌లో ఉదయం 9:00కి అపాయింట్‌మెంట్ అంటే, ఆ ఊళ్లో గడియారం 9:00 చూపించినప్పుడు అని అర్థం. దీన్ని ఈరోజే యూటీసీలోకి మార్చి స్థానిక సమయం పారేస్తే, మధ్యలో ప్రభుత్వం రూల్ మార్చిన రోజున పేషెంట్లందరూ గంట ముందో, వెనకో వస్తారు. ఇది ఊహ కాదు. మెక్సికో 2022 అక్టోబరులో దేశంలో ఎక్కువ భాగానికి డేలైట్ సేవింగ్‌ను, అంటే వేసవిలో గడియారం ముందుకు జరిపే పద్ధతిని తీసేసింది. అదే నెలలో జోర్డాన్, సిరియా ఏడాది పొడుగునా వేసవి సమయంలోనే ఉండిపోవాలని నిర్ణయించుకున్నాయి. ఈజిప్టు 2023 ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టింది. లెబనాన్‌లో 2023 మార్చిలో మార్పును వాయిదా వేస్తున్నామని చివరి నిమిషంలో ప్రకటించి, కొద్ది రోజులకే వెనక్కి తగ్గారు. మధ్యలో ఒకే దేశంలో రెండు సమయాలు నడిచాయి. కాబట్టి రాబోయే వాటికి స్థానిక తేదీ, స్థానిక సమయం, జోన్ పేరు, ఈ మూడే అసలు రికార్డు. యూటీసీని రిమైండర్లు పంపడానికి, వరుస పెట్టడానికి లెక్కగట్టిన విలువగా ఉంచుకోండి. జోన్ నియమాలు మారినప్పుడల్లా దాన్ని మళ్లీ లెక్కగట్టండి.

మూడో రకం, తేదీ మాత్రమే. పుట్టిన తేదీ, టీకా తేదీ, ఇన్సూరెన్స్ గడువు. వీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ టైమ్‌స్టాంప్‌లో, అంటే తేదీ, గంట కలిపి దాచే కాలమ్‌లో పెట్టొద్దు. పుట్టిన తేదీని అర్ధరాత్రి 00:00 అని దాచి, యూటీసీలోకి మార్చి, పశ్చిమాన ఉన్న ఇంకో ఊళ్లో తెరిస్తే ముందురోజు తేదీ కనిపిస్తుంది. పేషెంట్ పేరూ, పుట్టిన తేదీ కలిపి మనిషిని గుర్తుపట్టే చోట ఇది చిన్న తప్పు కాదు, ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారవుతాయి. పైగా కొన్ని చోట్ల కొన్ని రోజులకు అర్ధరాత్రే ఉండదు. బ్రెజిల్‌లో 2019లో రద్దు చేసేదాకా డేలైట్ సేవింగ్ సరిగ్గా అర్ధరాత్రే మొదలయ్యేది. సావో పాలోలో 2018 నవంబరు 4న 00:00 అనే క్షణం లేదు, నేరుగా 1:00. ఆరోజు పుట్టిన బిడ్డ తేదీని అర్ధరాత్రితో కలిపి చదవబోతే కొన్ని కోడ్ లైబ్రరీలు ఎర్రర్ ఇస్తాయి, కొన్ని చెప్పకుండా జరిపేస్తాయి. మీరు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడుతుంటే దాని టైమ్‌స్టాంప్ రకం 1970 నుంచి 2038 జనవరి వరకే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. 1950లో పుట్టిన పెద్దాయన అందులో పట్టడు.

నాలుగో రకాన్ని చాలామంది పట్టించుకోరు. పేషెంట్ చెప్పిన ఉజ్జాయింపు. "నొప్పి నిన్న సాయంత్రం మొదలైంది", "2009లో అనుకుంటా ఆపరేషన్ అయింది". దీన్ని 2009 జనవరి 1, 00:00:00 యూటీసీ అని రాసేస్తే, మనిషి చెప్పని కచ్చితత్వాన్ని మనం కల్పించినట్టు. ఎంత వరకు తెలుసో, ఏడాదా, నెలా, రోజా, నిమిషమా అన్నది పక్కన రాయండి. ఆరోగ్య డేటాను ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే, ఫైర్ అని పలికే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం ఈ విషయంలో మంచి దారి చూపిస్తుంది. అందులోని డేట్‌టైమ్ రకంలో ఏడాది ఒక్కటే రాసి వదిలేయొచ్చు, కానీ గంటా నిమిషం రాశారంటే ఆఫ్‌సెట్ రాసి తీరాలి. ఇన్‌స్టంట్ రకానికైతే సెకన్ల దాకా, ఆఫ్‌సెట్‌తో సహా ఉండాలి. డేట్ రకానికి జోనే లేదు. మీ టేబుళ్లు ఎలా ఉన్నా ఆ విభజనను అరువు తెచ్చుకోండి.

ఇక డేటాబేస్ దగ్గరికి వద్దాం, ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ అనే పేరు చూసి అది జోన్ కూడా దాస్తుందనుకుంటారు. దాచదు. మీరిచ్చిన సమయాన్ని యూటీసీలోకి మార్చి క్షణాన్ని ఉంచుకుంటుంది, జోన్‌ను వదిలేస్తుంది. అందుకే వేరే కాలమ్ కావాలన్నాను. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌టైమ్‌ఆఫ్‌సెట్ ఆఫ్‌సెట్ ఉంచుతుంది, జోన్ పేరు ఉంచదు. ఒరాకిల్‌లో టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ అయితే ప్రాంతం పేరు కూడా దాచగలదు.

అంతకంటే సూక్ష్మమైన తేడా ఇంకోటి ఉంది, దీని మీద నేను చాలా రోజులు పోగొట్టుకున్నాను. నవంబరు రాత్రి 1:30 అని ఆఫ్‌సెట్ లేకుండా ఇస్తే, రెండింటిలో ఏది? పోస్ట్‌గ్రెస్ రెండోదాన్ని, అంటే గడియారం తిప్పాక వచ్చే మామూలు సమయాన్ని ఎంచుకుంటుంది. జావా ప్రోగ్రామింగ్ భాషలోని జోన్డ్‌డేట్‌టైమ్ మొదటిదాన్ని, అంటే వేసవి సమయాన్ని తీసుకుంటుంది. పైథాన్ కూడా, రెండింటిలో ఏదో చెప్పే ఫోల్డ్ విలువను మీరు మార్చకపోతే, మొదటిదే. మీ ప్రోగ్రాం జావాలో ఉండి, కొన్ని సమయాలను అది మార్చి పంపి, మరికొన్నింటిని డేటాబేస్‌కే వదిలేస్తే, ఒకే 1:30 ఒకే పేషెంట్ ఫైలులో గంట ఎడంతో రెండు చోట్ల పడుతుంది. మార్చే పని ఒక్క చోటే జరగాలని టీమ్‌లో గట్టిగా నియమం పెట్టండి. నేనైతే ప్రోగ్రాంలోనే పెడతాను. రెండర్థాలున్న సమయం వస్తే ఊహించకుండా ఆపి, రాసేవాళ్లను అడగాలి.

జోన్‌ను ఈఎస్‌టీ, సీఎస్‌టీ లాంటి పొడి అక్షరాలతో దాచొద్దు. సీఎస్‌టీ అంటే అమెరికా మధ్య ప్రాంతమూ కావచ్చు, చైనా, క్యూబా కూడా కావచ్చు. ఐఎస్‌టీ అని ఇండియా, ఇజ్రాయెల్, ఐర్లాండ్ మూడూ రాసుకుంటాయి. అమెరికా/న్యూయార్క్, అమెరికా/షికాగో లాంటి పూర్తి పేర్లే వాడండి. ఇవి ఐఏఎన్‌ఏ అనే ఇంటర్నెట్ సంస్థ ప్రచురించే, ప్రపంచ జోన్ల నియమాలుండే టైమ్ జోన్ డేటాబేస్‌లోవి. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టి, పాల్ ఎగర్ట్ ఏళ్ల తరబడి సరిచేస్తూ వస్తున్న ఆ పని లేకపోతే మనలాంటివాళ్ల ఉద్యోగాలు నడవవు, అది నా మనసులోని మాట. జోన్‌ను రాష్ట్రం పేరు బట్టి తేల్చొద్దు. అరిజోనాలో ఎక్కువ భాగం గడియారం తిప్పదు, అక్కడి ఆదివాసుల ప్రాంతమైన నవాహో నేషన్ తిప్పుతుంది. ఇండియానాలో కౌంటీని బట్టి జోన్ మారుతుంది. ప్రతి ఆసుపత్రి, ప్రతి క్లినిక్ వరసలో (రో) జోన్ పేరు ఒక కాలమ్‌గా ఉండాలి. అది లాగిన్ అయిన డాక్టర్‌ది కాదు, సర్వర్‌ది అసలే కాదు.

మందుల వేళల గురించి విడిగా చెప్పాలి. "ఎనిమిది గంటలకొకసారి" వేరు, "రోజుకు మూడుసార్లు" వేరు. మొదటిది గడిచిన సమయం, యూటీసీలో లెక్కపెట్టాలి. రెండోది గడియారం వేళలు, 6:00, 14:00, 22:00 అని స్థానిక సమయంలో ఉంచాలి. మీ ఆర్డర్ టేబుల్‌లో ఈ తేడా లేకపోతే ఇప్పుడే ఒక కాలమ్ కలపండి. ఏది ఏ రకమో తేల్చే పని మనది కాదు, ఫార్మసీ వాళ్లది. వాళ్లను కూర్చోబెట్టి ఒక్కో మందూ అడగండి. డ్రిప్ లెక్కలూ అంతే. గంటకు 100 మిల్లీలీటర్ల చొప్పున నవంబరు రాత్రి 12:30 నుంచి 3:30 వరకు ఎక్కితే 400, సిస్టమ్ 300 అంటుంది. శనివారం ఉదయం 7:00 నుంచి ఆదివారం 7:00 దాకా పట్టిన ఇరవైనాలుగు గంటల మూత్రం ఆ వారం నిజానికి ఇరవైఐదు గంటలది. ల్యాబ్‌కు అది తెలియాలి.

బయటి నుంచి వచ్చే మెసేజ్‌ల సంగతి. ఆసుపత్రి సిస్టమ్‌లు మెసేజ్‌లు పంపుకోవడానికి వాడే హెచ్‌ఎల్‌సెవెన్ వెర్షన్ టూ ప్రమాణంలో సమయం చివర ఆఫ్‌సెట్ రాయొచ్చు, రాయకపోవచ్చు కూడా. రాయకపోతే మెసేజ్ హెడర్‌లోని సమయంలో ఉన్న ఆఫ్‌సెట్ వర్తిస్తుంది, అదీ లేకపోతే పంపినవాళ్ల స్థానిక సమయం అనుకోవాలి. ఒకసారి మేం ఒక ల్యాబ్‌ను కలిపినప్పుడు రక్తం తీయకముందే రిపోర్టు వచ్చినట్టు రికార్డులు కనిపించాయి. ల్యాబ్ ఒక జోన్‌లో, దాని సర్వర్ ఇంకో జోన్‌లో, మెసేజ్‌లో ఆఫ్‌సెట్ లేదు. "పంపినవాళ్ల స్థానిక సమయం" అంటే మేం ల్యాబ్ ఊరిది అనుకున్నాం, వాళ్లు సర్వర్ ఉన్న చోటుది పంపారు. మూడు వారాలు ఎవరూ గమనించలేదు. ఒక నర్సు ఫోన్ చేసి అడిగితే తెలిసింది. అప్పటి నుంచి కొత్తగా ఎవరిని కలిపినా, వాళ్ల జోన్ పేరు రాతపూర్వకంగా తీసుకుని ఆ కనెక్షన్ సెట్టింగ్‌లో పెడతాను, వచ్చిన అసలు మెసేజ్‌ను మార్చకుండా దాస్తాను. మానిటర్లు, గ్లూకోమీటర్ల సమయాలకు కూడా రెండు కాలమ్‌లు పెట్టండి. ఒకటి పరికరం చెప్పిన సమయం, రెండోది మన సర్వర్‌కు అందిన సమయం. చేత్తో గడియారం తిప్పాల్సిన పరికరాలు వారాల పాటు పాత సమయంలోనే ఉండిపోతాయి. ఈ రెండింటి మధ్య ఎడం సుమారు గంటకు స్థిరపడితే ఆ పరికరం గడియారం తిప్పలేదని వెంటనే తెలిసిపోతుంది.

మీ పాత డేటాను మార్చేటప్పుడు పాత కాలమ్‌ను తీసేయకండి. పక్కన కొత్తవి పెట్టి నింపండి. ఏడాదికి ఒక గంట తప్ప మిగతాదంతా ఆసుపత్రి జోన్ పేరుతో సూటిగా మారిపోతుంది. ఆ ఒక గంట వరసలకు మాత్రం ఆధారాలు వెతకాలి. వరస సంఖ్య పెరుగుతూ పోతుంటే అది ఒక ఆధారం, ఎవరు ఎప్పుడు ఏం రాశారో సర్వర్ నమోదు చేసే ఆడిట్ లాగ్ యూటీసీలో ఉంటే అది ఇంకా బలమైనది. నర్సు ఆలస్యంగా ఎక్కించి ఉండొచ్చు కాబట్టి వరస సంఖ్య ఒక్కదాన్నే నమ్మొద్దు. తేల్చలేని వాటికి "సందిగ్ధం" అని ఒక గుర్తు పెట్టి, రెండు సాధ్యమైన సమయాలనూ ఉంచండి. మార్చి నెలలో 2:00, 3:00 మధ్య సమయాలు కూడా కొన్ని దొరుకుతాయి, అవి ఉండనే ఉండకూడదు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే గడియారం మార్చని యంత్రాలు బయటపడతాయి. ఇంకో మాట, 2007కు ముందు డేటా ఉంటే అమెరికాలో మార్పు తేదీలు వేరు. ఇప్పటి మార్చి, నవంబరు తేదీలు 2005 నాటి చట్టం వల్ల 2007లో అమల్లోకి వచ్చాయి. చేత్తో రాసిన తేదీల నియమం ఎక్కడైనా కోడ్‌లో ఉంటే తీసేసి జోన్ డేటాబేస్‌కే వదిలేయండి.

ఆ జోన్ డేటా ఒక్క చోట ఉండదని కూడా చూసుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక కాపీ, జావాలో ఒకటి, ఒరాకిల్‌లో దాని సొంతది, మొబైల్ యాప్‌లో ఇంకోటి. వీటి వెర్షన్లు ఏమిటో ప్రతి నెలా ఒక రిపోర్టులో చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో జోన్ టేబుళ్లు నింపకపోతే జోన్ పేర్లతో మార్చే ఫంక్షన్ ఎర్రర్ ఇవ్వకుండా ఖాళీ విలువ ఇస్తుంది.

టెస్టింగ్‌కు మీ మూడు జోన్లతో ఆగకండి. ఆస్ట్రేలియాలోని లార్డ్ హోవ్ ద్వీపం గంట కాకుండా అరగంటే జరుపుతుంది. నేపాల్ ఆఫ్‌సెట్ ఐదు గంటల నలభై ఐదు నిమిషాలు, ఆఫ్‌సెట్‌ను గంటల్లో పూర్ణసంఖ్యగా దాచిన టేబుల్ అక్కడ విరిగిపోతుంది. సమోవాలో 2011 డిసెంబరు 30 అనే రోజే లేదు. ఈ మూడింటినీ దాటిన కోడ్‌ను నేను నమ్ముతాను. పేషెంట్, సమయం కలిపి యూనిక్ (అదే జత రెండోసారి రాకూడదు) అని పెట్టిన నియమాలు, ముగింపు ఎప్పుడూ మొదలు తర్వాతే ఉండాలనే నియమాలు కూడా స్థానిక సమయం మీద ఉన్నాయేమో చూడండి. రెండో 1:30 నాటి బీపీని తిరస్కరించేది, 1:50కి మొదలై 1:10కి ముగిసిన పనిని అడ్డుకునేది అవే.

ఇక మీ చివరి ప్రశ్న. ఆ గంటసేపు సిస్టమ్ పక్కనపెట్టి కాగితం మీద రాసుకునే ఆసుపత్రులు అమెరికాలో ఉన్నాయి. మీ పని వచ్చే నవంబరుకు పూర్తికాకపోతే మీరూ అలాగే చేయండి, అందులో తప్పేమీ లేదు. పేషెంట్ భద్రతకు అదే మేలు. అయితే కాగితంలో సమయం పక్కన "మొదటి 1 గంట", "రెండో 1 గంట" అని రెండు గళ్లు అచ్చువేయించి, ఒకదానికి టిక్ పెట్టమనండి. తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు జరిగిన సమయం వేరుగా, ఎక్కించిన సమయం వేరుగా రాయండి. సిస్టమ్ తయారయ్యాక కూడా స్క్రీన్ మీద ఇదే పద్ధతి ఉంచండి. ఆ ఒక్క గంటలో మాత్రం ఏ 1:30 అని అడగాలి, మిగతా ఏడాదంతా మామూలుగా కనిపించాలి. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు ఆఫ్‌సెట్ సంఖ్యలు చూపించి లెక్క వేసుకోమనకండి.

మీ టేబుళ్ల కాలమ్‌ల జాబితా, పేషెంట్ వివరాలేవీ లేకుండా, ఇక్కడ పెడితే ఏది ఏ రకమో నేను కూడా చూసి చెప్తాను.